తుపాకి మోగితే ఎసరు

నిన్న సాయంత్రం గోలా మోగేసరికి నేను మంచం కిందికి వంగాను.

రంజాన్ నెల. ఉపవాసం విడిచే వేళ అయిందని నిజామాబాద్ అంతటికీ తెలిసేలా రోజూ ఒక గోలా పేలుస్తారు. రోజూ అదే వేళకు వస్తుందని తెలుసు, గడియారం ఎదురుగానే ఉంది. అయినా వంగాను. వంగినందుకు సిగ్గుపడి, ఏదో వెతుకుతున్నట్టు చెయ్యి చాచాను. ఎదురుగా కుర్చీలో కూర్చున్న సాయిలు టీ గ్లాసు కింద పెట్టి, "చెప్పు దొరికిందా సారు?" అన్నాడు.

ఆ మాట అతనిది కాదు, వాళ్ళమ్మది. ఆ సాగదీయడం కూడా ఆమెదే. నేను పడీపడీ నవ్వాను. అతను కొంచెం నవ్వి, తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండు.

"అవ్వ దినాలైనయి సారు. నీకు కబురు చెయ్యలేకపోయిన. అందుకే నేనే వచ్చిన."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆమె గురించి ఎప్పుడు తలచుకున్నా ముందు వచ్చేది ఏడుపు కాదు, ఒంట్లో ఒక ఉరుకు. ఆమె ఉన్నచోట మనిషి నింపాదిగా కూర్చోవడం కష్టం. నిన్నా అలాగే అయింది. సాయిలు ఎదురుగా కూర్చుని ఉండగానే నేను లేచి గదిలో అటూ ఇటూ నడిచాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకూ పెద్దలకూ కూడా ఆమె పెద్దవ్వే. బోధన్ నుంచి రుద్రూర్ వెళ్ళే దారిలో చెరకు తోటల నడుమ ఉన్న ఊరది. చక్కెర ఫ్యాక్టరీ తరఫున ఫీల్డ్‌మన్‌గా చేరిన కొత్తలో ఆమె ఇంటి ముందుగదిలో ఉండేవాణ్ణి. రైతుల తోటలు తిరిగి, ఏ చెరకు ఎప్పుడు పక్వానికి వస్తుందో చూసి, కోతకు పర్మిట్ ఇప్పించడం నా పని. వయసు తక్కువ, సైకిలు కొత్తది, ఊరంతా 'సారు' అనేది. ఆ పిలుపుకు నేను తగినవాణ్ణేనని అనుకునేవాణ్ణి, మొదటి తుపాకి మోగేదాకా.

చెరకు ఉన్నచోటికి అడవిపందులు వస్తాయి. వాటి వెనక తుపాకులు వస్తాయి. కోతల కాలంలో తరచుగా, తోటల అవతల ఎక్కడో 'ఢాం' అని వినిపించేది. ఆ చప్పుడుకు ఊళ్ళో ఎవరు ఏం చేస్తారో నాకు త్వరలోనే తెలిసిపోయింది. దుకాణం సేటు షట్టరు సగం దించేవాడు. పూర్తిగా ఎందుకు దించవని అడిగితే, "గిరాకి వస్తెనో?" అనేవాడు. పక్కింటి గంగారాం, అంటే పెద్దవ్వ మరిది, ముందు కొట్టంలోకి ఉరికి ఎడ్ల పలుపులు విప్పేవాడు. రజాకార్ల కాలంలో కొట్టాలు కాలడం చూసిన మనిషి. కట్టేసిన పశువు ఎటూ పోలేదన్నది ఆయన మనసులో నాటుకుపోయింది. చప్పుడు ఆగాక ఆ ఎడ్లను వెతుక్కుంటూ ఊరంతా తిరిగేవాడు. దర్జీ సాబ్ మిషను మీద కాలు ఆపేవాడు కాదు. కుట్టు చివరిదాకా లాగి, దారం కొరికి, అప్పుడు "అల్లా ఖైర్ కరే" అనేవాడు. భయపడడానికి కూడా పని పూర్తి కావాలి ఆయనకు.

నేను మంచం కిందికి పోయేవాణ్ణి.

ఇది గొప్పగా చెప్పడం లేదు. మొదటిసారి ఎలా పోయానో నాకే తెలియదు. గదిలో కూర్చుని రిపోర్టు రాస్తున్నాను. చప్పుడైంది. తెలివి వచ్చేసరికి నా చెంప నేలకు ఆనుకుని ఉంది, కళ్ళ ముందు నులక వేలాడుతోంది. తలుపు దగ్గర రెండు కాళ్ళు, వెండి కడాలు.

"ఏం జేస్తున్నవు సారు?"

"చెప్పు... చెప్పు వెతుకుతున్నా పెద్దవ్వా."

"రెండు చెప్పులు గడపకాడ్నే ఉన్నయి గద."

"ఇంకో జత."

"గట్లనా," అని ఆ కాళ్ళు వెళ్ళిపోయాయి. నాకు ఇంకో జత లేదని ఆమెకు తెలుసు. అద్దెకు దిగిన రోజు నా పెట్టె మోసి లోపల పెట్టింది ఆమే. ఆ తర్వాత ఎప్పుడు తుపాకి మోగినా, కాసేపటికి వాకిట్లోంచి ఆ ప్రశ్న వచ్చేది. "చెప్పు దొరికిందా సారు?" ఒక్కసారి కూడా, నలుగురు ఉన్నచోట, దాని అర్థం మాత్రం విప్పి చెప్పలేదు. అందరూ నేను చెప్పులు పోగొట్టుకునే మనిషిననే అనుకునేవారు. ఒక రైతు జాలిపడి పాత జత ఒకటి తెచ్చిచ్చాడు. నేను తీసుకున్నాను.

ఇప్పుడు ఆమె సంగతి. తుపాకి మోగిన మరుక్షణం ఆమె ఏ పనిలో ఉంటే ఆ పనిలోనే ఆగిపోయేది. ఎడమ చెయ్యి పైకి లేచేది, లోకమంతా నోరు మూసుకోవాలన్నట్టు. కుడి చెవి చప్పుడు వచ్చిన దిక్కుకు తిరిగేది. కళ్ళు సగం మూసేది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదిలేది కాదు. చివరికి చెయ్యి దించి తీర్పు చెప్పేది.

"పడ్డది."

లేకపోతే, "తప్పిపోయింది." రెండిటిలో ఒకటి. అనుమానం అనేది ఆమె గొంతులో ఉండేది కాదు. ఏ తుపాకి, ఎవరి తోటలో, మగపందా ఆడపందా, పిల్లలున్నాయా అన్నీ చెప్పేది. నేను ఉన్న కాలంలో ఆమె చెప్పింది ఒక్కసారి కూడా నిజం కాలేదు. పడ్డదన్ననాడు వేటగాళ్ళు ఉత్త చేతులతో వచ్చేవారు. తప్పిపోయిందన్ననాడు పందిని కట్టెకు కట్టి మోసుకొచ్చేవారు. ఊరందరికీ ఇది తెలుసు. "పెద్దవ్వ ఏమన్నది? పడ్డదన్నదా? అయితె కారం నూరకుండ్రి," అనేవారు. ఆమె వినేది, నవ్వేది, మరుసటిసారి మళ్ళీ అంతే గట్టిగా చెప్పేది.

కానీ తీర్పు ఏదైనా తర్వాతి పని మాత్రం మారేది కాదు. పొయ్యి దగ్గరికి పోయి పెద్ద గంజు దించి ఎసరు పెట్టేది.

"ఎవరికి పెద్దవ్వా?" అని అడిగాను ఒకసారి.

"వచ్చేటోళ్లకు."

"ఎవరొస్తారు?"

"తుపాకి పట్టుకొని తిరిగినోడు ఆకలితోని వస్తడు. తుపాకికి భయపడి ఉరికినోడు గూడ ఆకలితోనే వస్తడు. బియ్యం పోసుడు ఒక్కటే గద మనకు తెలిసిన ఇద్య."

ఆ రోజుల్లో నాకొక చెడ్డ అలవాటు ఉండేది. ప్రతి మనిషి వెనక ఏదో ఒక దుఃఖం ఉండి తీరాలని, అది నేను కనిపెట్టాలని అనుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, రజాకార్ల కాలంలో ఆమెకు ఏమైనా జరిగిందా అని అడిగాను.

"అందరికి జరిగినయే జరిగినయి."

"అందుకేనా, చప్పుడు వినగానే వంట..."

ఆమె చాట ఆపి నన్ను తేరిపార చూసింది. "నీకు సదువెక్కువైంది సారు. సప్పుడైతే నాకు కుషీ అయితది. ఈ ఊళ్లె ఎన్నడన్న ఏమన్న అయితదా? పొద్దుగాల చెరుకు, పొద్దుమీకి చెరుకు. గా సప్పుడొక్కటే గద."

అంత మాట అనగల మనిషి ఆమె. నిజమే చెప్పింది. తుపాకి మోగినప్పుడు ఆమె కళ్ళు చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. జాతరకు పోతున్న పిల్ల కళ్ళు అవి. నేను మాత్రం సెలవుకు నిజామాబాద్ వచ్చినప్పుడు స్నేహితుల ముందు వేట కథలు చెప్పేవాణ్ణి. పంది నా పక్కనుంచే దూసుకుపోయిందనీ, తుపాకి పొగ కళ్ళలో పడిందనీ. మంచం కింద నుంచి కనిపించేది నులక ఒక్కటే అని ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి బోధన్ రోడ్డు దిక్కు నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. సేటు షట్టరు దించాడు, గంగారాం ఎడ్లు విప్పాడు, నేను చెప్పు వెతికాను. పెద్దవ్వ చెయ్యెత్తి విన్నది. "ముసలి మగపంది. గుండె మీద తగిలింది," అని గంజు ఎక్కించింది. అన్నం ఉడికే వేళకు ఎవరో మరాఠీలో నీళ్ళు అడుగుతూ వాకిట్లోకి వచ్చారు. చెరకు లారీ డ్రైవరు, క్లీనరు. రోడ్డు మీద టైరు పగిలింది. చేతులకు నల్లటి మసి, మొహాలు వాడిపోయి ఉన్నాయి. ఆమెకు మరాఠీ రాదు, వాళ్ళకు తెలుగు రాదు. ఇద్దరికీ ఆకులు వేసి వడ్డించింది. క్లీనరు మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే నా వైపు తిరిగి కళ్ళెగరేసింది.

"సూసినవా? వచ్చిండ్రు గద?"

"పంది కాదు కదా పెద్దవ్వా, టైరు."

"టైరైతె వీళ్లకు ఆకలి గాదా?"

నేను క్లీనరు గ్లాసులో నీళ్ళు పోశాను.

ఇక అసలు రోజు సంగతి చెప్పాలి. అది పిల్లలు బడులు మానేసి 'జై తెలంగాణ' అంటూ రోడ్లెక్కిన ఏడు. పట్నంలో కాల్పులైనాయని పేపర్లలో వచ్చేది. బోధన్‌కు పోలీసు వ్యాన్లు వచ్చాయని ఒకరు, మన ఊరికీ వస్తాయని ఒకరు. సేటు షట్టరు ఆ నెలల్లో అసలు పూర్తిగా ఎత్తిందే లేదు.

ఆ ఏడు పెద్దవ్వ చెరకు ఆలస్యమైంది. తప్పు ఆమెదే. రుద్రూర్ ఫారం నుంచి కొత్త విత్తనం వస్తుందని, అది తొందరగా పక్వానికి వస్తుందని ఎవరో అంటే, ఆమె ఆ విత్తనం కోసం కూర్చుంది. "మీ అందరికంటె ముందు నా తోటనే కోతకొస్తది సూడుండ్రి," అని ఊరంతా చాటింది. విత్తనం ఆలస్యంగా వచ్చింది. చుట్టుపక్కల తోటలన్నీ కోసేసి ఎండు మోళ్ళు మిగిలిన రోజుల్లో కాలువ అవతల ఆమె తోట ఒక్కటే పచ్చగా నిలబడి ఉంది.

అలా ఒక్కటే మిగిలిన తోటకు ఏమవుతుందో అక్కడి రైతులందరికీ తెలుసు. కోత కోస్తున్నకొద్దీ పందులు పక్క తోటలోకి జరుగుతాయి. చివరికి ఆ చుట్టుపట్ల ఉన్న పందులన్నీ చివరి తోటలో చేరతాయి. పెద్దవ్వ తోట లోపల గడలు నమిలి ఊసిన పిప్పి కుప్పలుగా పడేది. తల్లీకొడుకుల ఏడాది బతుకు ఆ తోటే. అందుకని ఆమె తుపాకి సాబ్‌ను పిలిపించింది. బోధన్ దగ్గరి పల్లె ఆయనది. భర్మార్ తుపాకి, అంటే గొట్టంలో మందు పోసి, గుడ్డపీలికలు కూరి, గుండు వేసి కాల్చేది. మూడు దిక్కుల నుంచి డప్పులు, కుక్కలతో హాకా కొట్టి పందులను తరమాలి. నాలుగో దిక్కున తుపాకి సాబ్ కాచుకుని ఉంటాడు. హాకా కొట్టేవాళ్ళలో సాయిలు ముందు.

నన్నూ రమ్మన్నారు. రిపోర్టు రాయాలన్నాను. ఆ రిపోర్టు ముందురోజే పంపేశాను.

ఎండ వాలుతున్న వేళ మొదటి తుపాకి మోగింది. గదిలో ఉన్నాను, నా పని నేను చేశాను. బయట పెద్దవ్వ చెయ్యెత్తి ఉంటుందనుకున్నాను. కాసేపటికి, తీర్పు ఇంకా రాకముందే, మళ్ళీ చప్పుడు. వెంటనే మరొకటి. ఆపైన లెక్కలేదు. టప్, టప్, టపటప, ఢాం, టపటప. ఒక తుపాకి అలా కాలదు. పది తుపాకులు కావాలి. వీధిలో ఎవరో అరిచారు.

"పోలీసోళ్లు. కాలుస్తున్నరు. లోపలికి పోన్రి."

తలుపులు ఒక్కొక్కటే పడిపోయాయి. ఆ చప్పుళ్ళు కూడా నాకు తుపాకుల్లాగే వినిపించాయి. సేటు షట్టరు మొదటిసారి నేలదాకా దిగింది. నేను గోడ వైపుకు ఇంకా జరిగాను. ఆ గడబిడలో వాకిట్లోంచి పెద్దవ్వ గొంతు, సంతోషం పట్టలేక వణుకుతూ వినిపించింది.

"పది పడ్డయి. ఒకటి గాదు రెండు గాదు, పది." పెద్ద గంజు పొయ్యి మీద పెట్టిన చప్పుడు.

అప్పుడు గంగారాం కేక వేశాడు. ఎడ్లు విప్పడానికి కొట్టం వెనక్కు పోయినవాడు అక్కడి నుంచి అరిచాడు. "వదినె, నీ తోట కెల్లి పొగ."

వెండి కడాలు నా గదిలోకి వచ్చాయి.

"సారూ, చెప్పు తర్వాత దేవులాడుదువు. అగ్గంటుకున్నది. మావోడు అండ్లనే ఉన్నడు. లే."

గొంతు పెంచలేదు. ఎగతాళి లేదు. లేచాను.

జరిగింది ఇది. తుపాకి గొట్టంలోంచి గుండుతోపాటు కాలుతున్న గుడ్డపీలిక ఎగిరి ఎండుటాకులో పడింది. నిలువు చెరకు అంటుకుంటే గడల కణుపులు వేడికి పగులుతాయి. ఒక్కో కణుపు ఒక్కో తుపాకి గుండులా మోగుతుంది. ఊరు భయపడి తలుపులేసుకున్నది చెరకు చప్పుడుకే. చెరకు మధ్య పుట్టి పెరిగినవాళ్ళు, ఆ చప్పుడు ఎప్పుడో ఒకప్పుడు విన్నవాళ్ళే. కానీ ఆ నెలల్లో అందరి చెవుల్లో పోలీసు వ్యాన్లే ఉన్నాయి.

ఆమె వీధిలోకి పోయి తలుపులు బాదింది. "అగ్గంటుకున్నది, నా తోట కాలుతున్నది, బయటికి రాండ్రి."

ఒక తలుపు వెనక నుంచి జవాబు. "తుపాకులు మోగుతుంటె నీకు అగ్గి కనబడ్డదా? లోపలికి పో పెద్దవ్వా."

"తుపాకులు గావురా, చెరుకు."

"నువ్వు ఎన్నడన్న సరిగ్గ చెప్పినవా?"

అదీ నిజమే. చప్పుడు విషయంలో ఆ ఊళ్ళో ఆమె మాటకు విలువ లేదు. అన్నేళ్ళు అంత గట్టిగా చెప్పి, అన్నిసార్లు తప్పింది. నేను కూడా అరిచాను, "నేను, ఫీల్డ్‌మన్‌ని చెబుతున్నా" అని. నా గొంతు నాకే వినిపించలేదు. దూరంగా టపటప ఆగడం లేదు. కొడుకు అందులో ఉన్నాడు.

ఆమె వీధి నడుమ నిలబడి, కొంగు నడుముకు చుట్టి, ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తల పైకెత్తి, పెళ్ళి పిలుపులా కేక వేసింది.

"పందులు పడ్డయి. పది పడ్డయి. పోగులేస్తున్నరు. గిన్నెలు తెచ్చుకోన్రి."

వేటలో పంది పడితే తోట దగ్గరే కోసి పోగులు వేస్తారు. గిన్నె పట్టుకుని వచ్చిన ఇంటికి ఒక పోగు. రానివాళ్ళకు లేదు. పెద్దవ్వ మాట ఎప్పుడూ తప్పేనని ఊరికి తెలుసు. కానీ ఈ ఒక్కసారి నిజమైతే? పక్కింటివాడు గిన్నె నింపుకుని వస్తుంటే చూస్తూ కూర్చోవాలి. ముందు ఒక తలుపు వారగా తెరుచుకుంది. ఒక తల, ఒక గిన్నె. ఆ గిన్నెను చూసి ఎదురింటి తలుపు. తర్వాత వీధంతా. గంజులు, సర్వలు, తపుకులు, బిందెలు. "నన్ను జరగనియ్యి." "నీకెందుకే అంత పెద్ద బిందె?" పోలీసుల మాట ఎవరికీ గుర్తు లేదు.

ఆమె దర్జీ సాబ్ తలుపు కూడా బాదింది, అదే కేకతో. ఆయన బకెట్‌తో బయటికొచ్చాడు. పంది మాంసంతో ఆయనకేం పని? తర్వాత ఆయనే చెప్పాడు: "పెద్దవ్వ నన్ను పంది కూరకు పిలుస్తదా? పిలిచిందంటె అది పంది గాదు. ఇంకేందో ఉన్నది. అందుకే నీళ్ల బకెట్ తెచ్చిన." ఆ కేకకు వచ్చిన జనంలో, ఎందుకు పోతున్నాడో తెలిసి వచ్చినవాడు ఆయన ఒక్కడే.

కాలువ గట్టెక్కేసరికి మంట కనిపించింది. పోగుల కోసం వచ్చినవాళ్ళు ఒక్క క్షణం నిలబడిపోయారు. ఎవరూ వెనక్కి పోలేదు. చేతుల్లో గిన్నెలున్నాయి, పక్కన నిజాంసాగర్ కాలువ నీళ్ళున్నాయి. మొదటి సర్వ ఎవరు ముంచారో తెలియదు. తర్వాత అందరూ ముంచారు. గంగారాం తూము విప్పి బోదెల్లోకి నీళ్ళు వదిలాడు. కోతగాళ్ళు మంటకు ముందుపోయి అడ్డంగా చెరకు నరికి దారి తీశారు. తడిపిన గోనెసంచులతో కొట్టారు. నేను సర్వ అందుకుని అందించాను, అందుకుని అందించాను. కణుపులు చెవి పక్కనే పేలుతున్నాయి. నేను వంగడం లేదని చాలాసేపటికి గుర్తొచ్చింది. వంగడానికి మంచం లేదు మరి.

హాకా మనుషులు ఒక్కొక్కరే అటు నుంచి వచ్చారు, దగ్గుతూ, కనుబొమలు కాలి. తుపాకి సాబ్ వచ్చాడు. ప్రతి ఒక్కరినీ ఆమె భుజం పట్టి ఆపి అడుగుతోంది. "మావోడేడి?" వాళ్ళు వెనక్కి చూపించేవారు. వెనక పొగ. ఆమె మళ్ళీ బిందె ముంచేది. ఏడవలేదు, అరవలేదు. నీళ్ళు పోస్తూనే, తల తిప్పకుండా, ఇంకొకరిని అడిగేది.

చివరికి కాలువలోంచి వచ్చాడు సాయిలు. గొంతుదాకా నీళ్ళలో, భుజం మీద కుక్క. పొగలో దారి తప్పిన కుక్క కోసం వెనక్కి పోయాడట. గట్టెక్కి తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె వాణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"పందేదిరా?"

"అన్నీ ఉరికినయవ్వా. ఒక్కటి గూడ పడలే."

నేను ఎప్పుడూ అంత నవ్వు వినలేదు. మసి మొహాలు, తడిసిన బట్టలు, చేతుల్లో ఉత్త గిన్నెలు. ఊరంతా నవ్వింది. "పది పడ్డయంటివి గద పెద్దవ్వా?" "మా పోగేదే?" "గీ బిందెల ఏం పట్టుకపోవాలె?" ఆమె నేల మీద కూలబడి, కొడుకు కాలు ఒకటి చేత్తో గట్టిగా పట్టుకుని, అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ కాలు చాలాసేపు వదల్లేదు. సగం తోట కాలింది. కాలువ వైపు సగం నిలబడింది.

ఇంటికొచ్చేసరికి అన్నం అయి ఉంది. దర్జీ సాబ్ భార్య వచ్చి కట్టెలు వెనక్కి లాగి గంజు దించిందట. పది పందుల విందుకు ఎక్కించిన బియ్యం. మాంసం లేదు కాబట్టి పచ్చిపులుసు కలిపారు. ఎవరి గిన్నెలో వాళ్ళే తిన్నారు. నేను అరుగు మీద కూర్చుని పాదాలు చూసుకున్నాను. చెరకు మోళ్ళ మీద ఉరికి రెండు పాదాలూ చీరుకుపోయాయి. నా చెప్పులు నిజంగానే ఆ మంచం కింద ఉండిపోయాయి. ఆమె పసుపు తెచ్చి అద్దుతూ, ఎవరికీ వినబడకుండా అంది.

"చెప్పు దొరకలేదా సారు?"

కాలిన చెరకు వెంటనే గానుగకు పోకపోతే రసం పులిసిపోతుంది. మరుసటి పొద్దున కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని, ఆమెతో కలిసి బండి మీద బోధన్ పోయాను. పర్మిట్ దొరికింది. మంట ఆర్పడానికి ఎవరెవరు పోయారని ఆఫీసరు అడిగితే ఆమె నన్ను చూపించింది. "మా సారే ఉరికిండు. చెప్పులు గూడ తొడుక్కోలే. కాళ్లు సూడుండ్రి." ఆఫీసరు నా పాదాలు చూసి మెచ్చుకున్నాడు. నేను కాదనలేదు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో అడిగాను. "పెద్దవ్వా, పొగ చూశాకనే కదా పందులు పడ్డాయని కేకేశావు? తెలిసే పిలిచావు కదా?"

ఆమె ఎడ్ల వైపు చూస్తూ కూర్చుంది. పెదవుల చివర నవ్వు.

"నాకు ఎన్నడన్న సరిగ్గ తెలిసిందా సారు?"

తర్వాత నాకు బదిలీ అయింది. తర్వాత పెళ్ళి, నిజామాబాద్‌లో ఇల్లు. మళ్ళీ పోతాననుకుంటూనే పోలేదు. బస్సులు లేక కాదు. ఆమె వాకిట్లో 'చెప్పు దొరికిందా' అని మా ఆవిడ ముందు అడుగుతుందేమోనని.

నిన్న సాయిలును అడిగాను, చివరికి ఎలా పోయిందని.

"మంచంలనే ఉన్నది సారు, లేస్తలేదు. ముందురోజు పగటీలి తోటలకెల్లి తుపాకి మోగింది. కండ్లు దెరిచింది. చెయ్యి గింత లేపింది. 'పడ్డది' అన్నది. కోడలిని పిలిచి బియ్యం పొయ్యమన్నది. ఇదేంది, ఈ టైముల అని మా ఇంటిది గునిసింది. అవ్వ ఊకోలే. పోసినం."

"వచ్చారా ఎవరైనా?"

"వచ్చిండ్రు. నలుగురు. అవ్వ మంచం కాడ్నే కూసుండబెట్టి పెట్టినం. 'ఎంత పెద్దదిరా?' అని అడిగింది. 'తప్పిపోయిందవ్వా' అన్నరు." సాయిలు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నవ్వింది సారు. 'అయితె కడుపునిండ తినుండ్రి' అన్నది. పొద్దుగాలకు లేదు."

బయట చీకటి పడుతోంది. చివరి బస్సుకు పోతానని అతను లేచాడు. కూర్చోమన్నాను. లోపలి నుంచి మా ఆవిడ అడిగింది, ఇంతకీ బియ్యం ఎందరికి పొయ్యమంటారని.

"గోలా మోగింది కదా," అన్నాను. "ఎక్కువే పొయ్యి."